బావ గొంతు మీద ఆడిన ఆట

కోవిల్‌పట్టి బస్టాండులో ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను ఆపి ఫోటో అడుగుతారు. ఫోటో అయ్యాక, ఆ సాలు మాట ఒక్కసారి చెప్పన్నా అంటారు. నేను చాలా ఏళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడాను. మొదట చెన్నైలో, తర్వాత గోవాలో, చివరికి ఆంధ్ర తీరంలో ఒక క్లబ్బుకి. ఎక్కడ ఆడినా స్టాపర్‌గానే ఆడాను. స్టాపర్ అంటే మన గోలు ముందు నడిమధ్యలో నిలబడి అవతలి ఫార్వర్డుని ఆపేవాడు. నన్ను గుర్తుపట్టే కుర్రాళ్లలో నా ఆట చూసినవాళ్లు తక్కువ. వాళ్లు చూసింది ఒక వీడియో. ఆ వీడియో వల్ల నాకు ఏం వచ్చిందో అందరికీ తెలుసు. మా బావకి ఏం పోయిందో రాయాలని కూర్చున్నాను.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి కయత్తారు వెళ్లే దారి పక్కన, గాలిమరల నడుమ ఉంటుంది. వాన మీద బతికే నల్లరేగడి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి అంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ఆంధ్రలో ఆడుతున్నప్పుడు, పెద్దయ్యాక. అందుకే నా రాత ఇంకా బడిపిల్లవాడి రాతలా తిన్నగా పోతుంది.

కోవిల్‌పట్టి హాకీ ఊరు. అక్కడ పిల్లవాడి చేతికి ముందు వచ్చేది కర్ర. మా బావ ఒక్కడే బంతిని కాలితో ఆడేవాడు. చిన్నతనంలో కొంతకాలం విరుదునగర్‌లో నూనె మిల్లులో పనిచేసి, అక్కడి కుర్రాళ్ల దగ్గర ఆ పిచ్చి అంటించుకొని వచ్చాడు. బావ అంటే మా మేనమామ కొడుకు, నాకన్నా పెద్ద. తర్వాత మా అక్కని చేసుకున్నాడు. నన్ను పొలం నుంచి లాక్కుపోయి బంతి ముందు నిలబెట్టింది ఆయనే. మేమిద్దరం ఊరి జట్టులో పక్కపక్కన స్టాపర్లం.

వెనక వరుసలో నలుగురు ఉంటారు. నలుగురూ ఒకే గీత మీద నిలవాలి. అవతలివాడు బంతిని ముందుకు తన్నబోయే క్షణంలో నలుగురూ ఒక్కసారిగా ముందుకు జరిగితే, వాళ్ల ఫార్వర్డు వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. ఆఫ్‌సైడ్ అని ఈల పడుతుంది. ఒక్కడు ఆలస్యమైనా పని చెడిపోతుంది. కాబట్టి ఒకడు పిలవాలి, మిగతా ముగ్గురూ ఆలోచించకుండా కదలాలి. మా జట్టులో పిలిచేది బావ.

ఆయన పిలుపులు పొలం మాటలు. మా అత్త, అంటే బావ తల్లి, కలుపు తీసే ఆడవాళ్ల వరుసకి పెద్ద. ఒకామె వెనకబడ్డా ఒకామె ముందుకు పోయినా, తలెత్తకుండానే "సాలు పట్టండే" అనేది. సాలు అంటే నాగటి చాలు, పైరు వరుస. వరుస చివర చేరాలంటే "గట్టుకి" అనేది. ఆ గొంతు ముక్కులోంచి వచ్చి, చివర కొంచెం పైకి లేచేది. బావ గొంతూ అంతే. గీత నిలపాలంటే "సాలు పట్టు". ముందుకు జరగాలంటే "గట్టుకి". అవతల ఆడేది తమిళులైతే వాళ్లకి అర్థం కాదు. మన తెలుగువాళ్లయినా, కలుపు మాట ఫుట్‌బాల్‌లోకి ఎందుకు వచ్చిందో తోచేలోపే ఈల పడేది. కారియాపట్టి వైపు నుంచి వచ్చిన ఒక తెలుగు ఫార్వర్డు, ఆట అయ్యాక, మా అమ్మ పిలుస్తున్నట్టుంటే కాళ్లు ఎట్లా కదుల్తాయని బావతో నవ్వుతూ పోట్లాడాడు.

చెన్నై క్లబ్బు సెలెక్షన్‌కి ఇద్దరం వెళ్లాం. నేను పొడుగు, ఆయన పొట్టి. స్టాపర్‌కి పొడుగు కావాలన్నారు. నన్ను తీసుకున్నారు. బావ నా సంచీ మోసుకొచ్చి రైలెక్కించి, మర్నాటి నుంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి పోయాడు. అది ఎవరి తప్పూ కాదు. నా తప్పులు ఆ తర్వాతవి.

చెన్నైలో మొదటి కోచ్ నాతో చెప్పినది, నీకు కాళ్లున్నాయి, నోరు లేదని. నిజమే. నాకు పిలవడం రాదు. పిలుపు కోసం ఎదురుచూడడమే వచ్చు. చాలాకాలం నా ఆట ఎట్లా సాగిందంటే, బంతి ఎగరబోతుండగా నా చెవిలో బావ గొంతు వినబడేది, దాని మీద నేను కదిలేవాణ్ణి. పక్కవాళ్లు నన్ను చూసి కదిలేవాళ్లు. పేపర్లో ఒకసారి నాకు ఆటను ముందే పసిగట్టే తెలివి ఉందని రాశారు. ఆ తెలివి ఎక్కడిదని అడిగితే, అభ్యాసం అన్నాను. బావ మాట ఎత్తలేదు.

ఆంధ్ర క్లబ్బులో చేరాక సగం జట్టు తెలుగువాళ్లు. అక్కడ మొదటిసారి నోరు విప్పి "గట్టుకి" అన్నాను. పక్కవాడు ఆట మధ్యలో నవ్వాడు. నా తెలుగు వాళ్లకి వింత. వాళ్ల ముత్తాతల తెలుగులా ఉందట, దానికి తమిళం రంగు పూసినట్టు ఉందట. లాకర్ గదిలో నాచేత మాట్లాడించి నవ్వేవాళ్లు. నాకు కోపం రాలేదు. అప్పటిదాకా నన్ను ఎవరూ పట్టించుకున్నది లేదు. గోలు కొట్టనివాణ్ణి చూడటానికి ఎవరు వస్తారు. ఆ నవ్వులో నాకొక చోటు దొరికింది.

క్లబ్బు తరఫున వీడియోలు తీసే అబ్బాయి ఒకడుండేవాడు. మంచివాడే. మీ ఊళ్లో ఎట్లా మాట్లాడతారో ఒకసారి చేసి చూపించన్నా అన్నాడు. నేను చేసి చూపించాను. టవలు తలకి చుట్టుకొని, నడుం వంచి, మా అత్తలా కలుపు తీస్తూ "సాలు పట్టండే" అన్నాను. తర్వాత లేచి, దవడ ముందుకు తోసి, మూటలు మోసి మోసి ఒక పక్కకి ఒరిగిన బావ నడక నడిచి, ఆయన గొంతుతో "గట్టుకి" అని అరిచాను. మా బావ గ్రౌండులో ఇట్లా అరుస్తాడు, ఎద్దులు కూడా ఆఫ్‌సైడ్ అవుతాయి అన్నాను. కెమెరా వెనకున్నవాడు నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. అడక్కుండానే మళ్లీ చేశాను.

అది ఎంత దూరం పోయిందో నాకు లెక్క తెలియదు. రెండు మూడు ఆటల తర్వాత నేను బంతి తాకగానే గ్యాలరీ అంతా "సాలు పట్టు" అనడం మొదలుపెట్టింది. నా నంబరు చొక్కాలు వేసుకొని పిల్లలు వచ్చారు. బట్టల షాపు తెరవడానికి పిలిచారు, కాలేజీ పండగలకి పిలిచారు. ప్రతిచోటా అదే చెయ్యమన్నారు, ప్రతిచోటా చేశాను. ఆ ఏడాది నా ఆట మామూలుగానే ఉంది. మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. కానీ జట్టులో అందరికన్నా జనం నోళ్లలో నానిన పేరు నాది.

వీడియో వచ్చిన వారం అక్కకి ఫోన్ చేశాను. చూశారా అని అడిగాను. "చూస్తిమి" అంది. ఆ వెంటనే, "సాప్పాటు అయిందా నీకి?" అంది. కోపం లేదనుకున్నాను. అక్క కోపంగా ఉంటే అన్నం సంగతే అడుగుతుందని తెలిసి కూడా, అట్లా అనుకోవడం నాకు సుళువు.

ఆ ఎండాకాలం విరుదునగర్‌లో టోర్నమెంటు జరిగింది. బావ వయసు మీరినా కోవిల్‌పట్టి జట్టుకి కెప్టెనుగా ఇంకా ఆడుతున్నాడు. మిగతా ముగ్గురు బ్యాకులూ ఆయన తయారుచేసిన కుర్రాళ్లు. విరుదునగర్‌లో ఒక స్కూలు ఫుట్‌బాల్ కోచ్ కోసం వెతుకుతోంది. అక్కడి హెడ్మాస్టరు బావ జట్టుని చాలాసార్లు చూశాడు. సర్టిఫికెట్లు లేనివాణ్ణి మేనేజిమెంటు ఊరికే ఒప్పుకోదు, ఫైనల్‌కి వాళ్లని పిలుచుకొస్తాను, నీ వరుస ఎట్లా నిలుస్తుందో కళ్లతో చూస్తే చాలు, జూన్ నుంచి చేరొచ్చు అని మాటిచ్చాడు. బావ నడుం మూటల కింద అరిగిపోయింది. ఇంకొక్క ఏడాది కూడా ఆ పని చెయ్యలేడని అక్కే నాతో చెప్పింది. ఆ ఫైనల్ వాళ్లకి ఏమిటో నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

ఎందుకంటే ఆ ఫైనల్‌కి ముఖ్య అతిథిని నేను. గ్రౌండు గేటు దగ్గర నా ముఖంతో ఫ్లెక్స్ కట్టారు, కింద తమిళ అక్షరాల్లో "సాలు పట్టు" అని రాసి. శాలువా కప్పి స్టేజీ మీద కూర్చోబెట్టారు. మా వైపు టోర్నమెంట్లలో ఆట జరుగుతున్నంతసేపూ ఒకాయన మైకులో మాట్లాడుతూనే ఉంటాడు. ఎవరి దగ్గర బంతి ఉందో చెబుతాడు, జోకులేస్తాడు, షాపుల ప్రకటనలు చదువుతాడు, వచ్చిన పెద్దలచేత రెండు మాటలు పలికిస్తాడు. ఆటగాళ్లకి అది వాన చప్పుడులాంటిది, చెవికెక్కదు.

రెండో సగం వచ్చినా ఇంకా ఎవరికీ గోలు పడలేదు. బావ వరుస చూడముచ్చటగా ఉంది. ముందు వరుస కుర్చీల్లో స్కూలు మేనేజిమెంటువాళ్లు కూర్చున్నారు. హెడ్మాస్టరు వాళ్లకి చెయ్యి చూపిస్తూ ఏదో వివరిస్తున్నాడు. వాళ్లు తలలూపుతున్నారు. అప్పుడు మైకాయన నా దగ్గరికి వచ్చి, మన వైపు హీరో నోట ఆ మాట వినకుండా ఇంటికి పోతామా అని జనాన్ని అడిగాడు. జనం అరిచారు. మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

బంతి మధ్యలో తిరుగుతోంది. అది నాకు కనబడుతూనే ఉంది. ఆట ఆగనీ అనొచ్చు. నేను దవడ ముందుకు తోసి, బావ గొంతుతో "గట్టుకి" అన్నాను.

నాలుగు వైపులా కట్టిన లౌడుస్పీకర్లలోంచి ఆ మాట వచ్చింది. బావ పక్కనున్న ముగ్గురు కుర్రాళ్లూ ఆలోచించకుండా ముందుకు జరిగారు. వాళ్లకి ఆయన నేర్పిందే అది. బావ ఒక్కడే ఉన్నచోట నిలిచిపోయాడు, ఎందుకంటే ఆయన పిలవలేదు. అవతలి ఫార్వర్డు బావ పక్కనుంచే దూసుకుపోయాడు. బావ అక్కడుండగా ఆఫ్‌సైడ్ ఎక్కడిది. బంతి వచ్చింది, గోలు పడింది. స్టేజీ చుట్టూ జనం ఇంకా నా మాటకి నవ్వుతూనే ఉన్నారు. నా ముఖం మీద కూడా నవ్వు ఉంది. దాన్ని వెంటనే తీసెయ్యడం నా వల్ల కాలేదు.

కుర్రాళ్లు బావ వైపు తిరిగి చేతులు చాపారు, నువ్వే కదా అన్నావు అన్నట్టు. ఆయన గోలు వైపు నడిచాడు. వలలోంచి బంతి తీసి మధ్యకి తన్నాడు. ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఆయన నోరు తెరవలేదు. పిలుపు లేని వరుస నాలుగు ముక్కలైంది. ఇంకో గోలు పడింది. మేనేజిమెంటువాళ్లు ఆట పూర్తికాకముందే లేచి కారెక్కారు.

ఓడిన జట్టుకి మెడల్స్ వెయ్యాల్సింది ముఖ్య అతిథే. బావ వరుసలో వచ్చి నా ముందు తల వంచాడు. చెమట వాసనతో పాటు ఫ్యాక్టరీలోని అగ్గిపుల్లల మందు వాసన ఆయన ఒంటిని ఎప్పుడూ వదలదు. మెడల్ వేస్తుంటే నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు:

"గొంతు బాగా పట్టుకొంటివి రా."

నేను తర్వాతి మెడల్ అందుకున్నాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. స్టేజీ దిగాక హెడ్మాస్టరు నన్ను పక్కకి పిలిచాడు. మేనేజిమెంటుకి ఆ వరుస నచ్చలేదన్నాడు. మీరు ఆట మానేశాక మా స్కూలుకి వస్తారా, మీ పేరుంటే పిల్లలు ఎగబడి చేరతారు అన్నాడు. ఆ గోలు ఎవరివల్ల పడిందో అప్పుడే చెప్పొచ్చు. ఆ పని మా బావది అని చెప్పొచ్చు. నేను చూద్దాం సార్ అన్నాను. మోకాలు గుర్తొచ్చింది. క్లబ్బు వచ్చే ఏడాది ఉంచుకుంటుందో లేదో గుర్తొచ్చింది. ఆ చూద్దాం అన్న మాట మైకులో అన్నదానికన్నా నన్ను ఎక్కువ తింటోంది. మైకు దగ్గర నేను తెలివితక్కువవాణ్ణి. ఇక్కడ పూర్తి తెలివితోనే ఉన్నాను.

క్లబ్బు ఉంచుకోలేదు. మరుసటి ఏడాది వేసవికి ముందే ఊరు చేరాను. స్కూలుకి ఇంకా కోచ్ దొరకలేదు. నా చూద్దాం కోసం వాళ్లు ఆగి ఉన్నారు. ఆ ఏడాదంతా బావ మూటలు మోశాడు. గ్రౌండు వైపు పోలేదు.

అక్క వాకిట్లో అడుగుపెట్టగానే, "ఏమి అతిథీ, కుర్చీ వేయనా, మైకు తేనా?" అంది. లోపలికి రమ్మనలేదు. అత్త అరుగు మీద కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. పొలంలో పడుచుపిల్లలు ఫోను తెరిచి ఆ వీడియో పెట్టి నవ్వుతుంటే, కలుపు వరుసని పిలవడం ఆమె మానేసిందని తర్వాత తెలిసింది. ఆమె మాత్రం ఆ ఊసెత్తలేదు. మోకాలికి ఆముదం రాస్తున్నావా అని అడిగింది.

బావ వచ్చాక ముగ్గురి ముందూ చెప్పాను. హెడ్మాస్టరు అడిగింది, నేను చూద్దాం అన్నది, ఏడాదిగా దాచింది, అన్నీ. అక్క లేచి లోపలికి పోయింది. బావ కాళ్లు కడుక్కుంటూ విన్నాడు.

"అయితే పోయి చేరు" అన్నాడు. "నీకి పేరుండాది."

"అది నీ పని, బావా. నేను పోయి చెప్తాను, నిన్ను తీసుకోమని."

"నీ సిపారసు మీద వచ్చే పని నాకొద్దు రా. నీ నోట నా గొంతు పోయింది సాలదా, నా పని కూడా నీ నోటనే రావాల్నా?"

మర్నాడు విరుదునగర్ బస్సెక్కాను. హెడ్మాస్టరుకి సిఫారసు చెయ్యలేదు. జరిగింది చెప్పాను. ఆ పిలుపు నాదని, ముగ్గురు కుర్రాళ్లూ కదిలింది నా గొంతుకని, కదలకుండా నిలిచినవాడొక్కడే ఆ వరుసకి యజమాని అని. ఆయన, ఇది ఏడాది కింద చెప్పి ఉంటే అన్నాడు. తర్వాత, మా మేనేజిమెంటుకి ఫుట్‌బాల్ తెలియదు, అడ్మిషన్లు తెలుసు అన్నాడు. నేను రానని, ఎప్పటికీ రానని తేల్చి చెప్పాను. అట్లా అయితే అతన్నే పిలిచి ఒక వారం పిల్లలతో ఆడించి చూస్తాం, పిలిచేది నేను, మీరు కాదు అన్నాడు. అంతకన్నా నేను కోరేది లేదు.

హెడ్మాస్టరు కబురు వచ్చాక బావ రెండు రోజులు ఆలోచించి వెళ్లాడు. మొదటిరోజు నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. గేటు పక్క నీడలో నిలబడ్డాను. పిల్లలు నన్ను గుర్తుపట్టారు. బావ నలుగురిని వరుసలో నిలబెడుతుంటే వాళ్ల తలలు నా వైపే తిరిగాయి. ఒకడు ముక్కుతో "గట్టుకి" అన్నాడు. అందరూ నవ్వారు. మేనేజిమెంటు పెద్దమనిషి ఒకాయన వరండాలో కూర్చుని చూస్తున్నాడు. బావ ఈల వేసి ఆట ఆపి, తాపీగా నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"రేయ్, నువ్వు ఈడ ఉంటే వాళ్లకి బంతి కనపడదు. పో."

"ఎప్పుడు రానూ?"

"రావద్దు. నేను చెప్పేదాకా."

రోడ్డు దాటి బస్టాపుకి వెళ్లిపోయాను. క్లబ్బుకి రాసి ఆ వీడియో తీసెయ్యమన్నాను. తీసేశారు. కానీ అది అప్పటికే జనం ఫోన్లలో ఉంది. తియ్యడం నా చేతిలో లేని పని.

బావని తీసుకున్నారు. ఆ సంగతి నాకు హెడ్మాస్టరు చెప్పలేదు, బావ చెప్పలేదు. అక్క ఫోన్ చేసి, రేపటి నుంచి ఆయన విరుదునగర్ బస్సుకి పోతాడు, నువ్వు ఆ బస్సెక్కొద్దు అంది. ఎక్కలేదు.

వానలు పడి, గ్రౌండు నల్లమట్టి జిగురై, మళ్లీ ఆరేదాకా ఆయన నన్ను పిలవలేదు. పిలిచిన రోజు వెళ్లి గోడ వెనక నిలబడ్డాను. పిల్లలు ఈసారి నా వైపు చూడలేదు. నలుగురు గీత మీద ఉన్నారు. బంతి లేచేముందు బావ పిలిచాడు. తమిళంలో పిలిచాడు. ముందుకు అని, నిలువు అని, స్కూలు డ్రిల్లు మాటలు. గొంతు కూడా ముక్కులోంచి రాలేదు. నీళ్లు తాగడానికి గోడ దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను.

"మన మాటలు ఏమైనాయి బావా?"

ఆయన నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు. "అది అంటే పిల్లలు నవ్వుతారు రా. నవ్వుతా ఉంటే గీత నిలవదు. ఈళ్లకి నవ్వు రాని మాట కావాల."

అని వెళ్లిపోయాడు. మళ్లీ బంతి లేచింది, ఆయన పిలిచాడు, ముగ్గురు కదిలారు, ఒకడు ఆలస్యమయ్యాడు. ఈల వేసి ఆపి, ఆ ఒక్కణ్ణి తిట్టకుండా, నలుగురినీ వెనక్కి పంపించి మొదటి నుంచి చేయించాడు.